ఓడిన ప్రతిని తిరిగి వ్రాయించు పోటీ

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పిరి. రచన విషయమున ఈ సామెతను కొంచెము మార్చుకొనవలసియున్నది. ఇంట ఓడుట నేర్చినవాడే రచ్చ గెలువగలడు. తాను వ్రాసినదానిని తోటివారు చదివి, ‘ఇచ్చట మాకు బోధపడలేదు, ఇచ్చట మాకు విసుగు పుట్టినది’ అని చెప్పగా చెవియొగ్గి విని, మరల కలము చేతబట్టిన రచయితకే చేయి తిరుగును. చిన్న చిత్రములకు కథలల్లుచున్న నేటి విద్యార్థుల విషయమున ఈ మాట మరింత నిజము.

నేడు బందరులోను, గుడివాడలోను, దివిసీమ పల్లెలలోను హైస్కూలు చదువు దాటని పిల్లలు సైతము ఫోనుతో చిన్న చిత్రములు తీయగలుగుచున్నారు. ఒకప్పుడు మద్రాసుకు రైలెక్కినగాని కంటబడని కెమెరా ఇప్పుడు జేబులోనికి వచ్చినది. చిత్రము తీయుట సులభమైనది. తీసినదానిని నలుగురికి చూపుట అంతకన్న సులభమైనది. సులభము కానిది ఒక్కటే మిగిలినది. అది వ్రాయుట. ఎనిమిది పుటలలో ఒక కథను చూచువాని కన్ను మరలకుండ చెప్పుట నేటికిని కష్టమైన విద్యయే. ఈ విద్యను పెంచుటకై పోటీలు బయలుదేరినవి. విషయమిచ్చి, గడువు పెట్టి, వ్రాతప్రతులు తెప్పించుకొని బహుమతులిచ్చు పోటీలు అంతర్జాలము ద్వారా దేశదేశముల జరుగుచున్నవి. మన విద్యాలయములలో వార్షికోత్సవములకు నాటికల పోటీలు ఎటులను ఉన్నవి. వీని వలన రచయితకు నిజముగా మేలు కలుగుచున్నదా? కలుగుచున్నచో అది బహుమతి వలననా, మరియొకదాని వలననా? ఉపాధ్యాయులు నిదానముగా ఆలోచింపదగిన ప్రశ్న ఇది.

పోటీచే రచనకు పదును పెట్టుట మనకు క్రొత్త కాదు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసిరి. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో కూడి వారు ఊరూర నడపిన అవధానములను తలచుకొనుడు. సమస్య నిచ్చువాడొకడు, ఈ అక్షరము వాడరాదని అడ్డుపడువాడొకడు, ఈ నాలుగు పదములను ఇమిడ్చి పద్యము చెప్పుమనువాడొకడు. ఈ సంకెళ్లన్నియు కవికి కష్టము కలిగించుటకే పుట్టినవి. కాని ఆ కష్టమే కవి బుద్ధిని నలిగిన బాట నుండి తప్పించి, తానూహింపని మాట దగ్గరకు తీసికొనిపోవును. 2001లో అమెరికా రాజధాని వాషింగ్టనులో మొదలై పెక్కు దేశములకు ప్రాకిన 48 గంటల చలనచిత్ర పోటీలోను నియమములు ఇట్టివే. పోటీదారులకు ఒక పాత్రను, ఒక వస్తువును, ఒక సంభాషణను ఇత్తురు. వానిని ఇమిడ్చి రెండు దినములలో కథ వ్రాసి, చిత్రము తీసి, ఒప్పగింపవలెను. మన దత్తపదికిని దీనికిని చుట్టరికము కలదన్నచో అతిశయోక్తి కాదు. పోటీ చేయు మొదటి మేలు ఇది: అది హద్దు గీయును. గడువు లేనిదే ఆరంభశూరుని కథ ముగియదు. పుటల లెక్క లేనిదే మాటకారి కలము ఆగదు.

తెరకై వ్రాయు రచనకు ఈ హద్దు మరింత అవసరము. దానిని స్క్రీన్‌ప్లే అందురు. చిత్రానువాదమని మనవారు తెలుగు చేసిరి. ప్రేక్షకుడు చూడబోవునదియు వినబోవునదియు మాత్రమే అందులో ఉండవలెను. ‘రామయ్య తన గతమును తలచుకొని లోలోపల కుమిలిపోయెను’ అని కథలో వ్రాయవచ్చును. తెరకు అది చాలదు. కెమెరా తలపులను పట్టలేదు. ఆ తలపు వలన రామయ్య చేయి ఏమి చేసినదో, అతని చూపు ఎటు పోయినదో దానిని మాత్రమే పట్టగలదు. పుటకు నిమిషమని ఒక మోటు లెక్క కలదు. ఎనిమిది పుటలన్న ఎనిమిది నిమిషములు. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) వంటి చిత్రములకు దర్శకులైన కె.వి.రెడ్డిగారు చిత్రీకరణకు ముందే సంభాషణలు చదివించి, స్టాప్‌వాచీ పట్టి, ఏ దృశ్యము ఎంతసేపు నడుచునో లెక్క కట్టుకొనెడివారు. అంతటి దర్శకునికే ఆ జాగ్రత్త కావలసివచ్చినపుడు, మొదటి చిత్రము వ్రాయు విద్యార్థికి కావలెనని వేరుగ చెప్పనక్కరలేదు.

మన ప్రాంతమువారికి ఈ జాగ్రత్త ప్రత్యేకముగా కావలెను. కూచిపూడి వెలసిన నేల ఇది. నాటక సమాజములు రాత్రులను పగళ్లు చేసిన పట్టణములు ఇవి. ఇచ్చట పెరిగిన పిల్లలకు సంభాషణ చెవిలోనే ఉండును. అది మన బలము. తెర దగ్గరకు వచ్చునప్పటికి అదియే మన బలహీనత. పిల్లలు వ్రాయు చిన్న చిత్రములలో పాత్రలు ఎదురెదురుగా నిలిచి ఉపన్యసించుట తరచు కనబడుచుండును. తెలుగు చలనచిత్రమునకు ఆద్యులుగా పేరొందిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు మచిలీపట్టణమున జన్మించినవారు. వారి కుమారుడు ప్రకాశ్ 1920ల ఆరంభమున తీసిన ‘భీష్మప్రతిజ్ఞ’ మూకీ చిత్రము. నోరు విప్పకయే కథ నడపవలసిన కాలమది. నేటి విద్యార్థియు తన దృశ్యములోని మాటలన్నియు ఒకసారి కొట్టివేసి, మిగిలినదానిలో కథ తెలియుచున్నదా యని పరీక్షించుకొనవలెను. తెలియుచున్నచో, అప్పుడు తప్పనిసరియైన మాటలను మాత్రము తిరిగి చేర్చుకొనవచ్చును.

ఇంతవరకు చెప్పినది హద్దుల మాట. హద్దులు రచయితను తీర్చలేవు; అతనిని దారిలో నిలుపును. తీర్చునది చదువరి. ఒక ఉదాహరణము చూతము. కోతలైన పిమ్మట తుపాను వానకు చేలో పనలు తడిసి మొలకలెత్తుట డెల్టా రైతుబిడ్డలకు పుస్తకములో చదివి తెలిసికొనవలసిన విషయము కాదు. దీనిపై ఒక విద్యార్థిని చిన్న చిత్రము వ్రాసినదనుకొందము. మొదటి ప్రతిలో తండ్రి పుటన్నర పొడవున తన అప్పులను ఏకరువు పెట్టును. కూతురు అర పుట ఏడ్చును. పొరుగువాడు ప్రభుత్వమును నిందించును. చదివిన తోటి విద్యార్థి క్రింద ఒక్క ప్రశ్న వ్రాసినాడు: ‘ఇందులో నేను చూడవలసినది ఏది?’ రెండవ ప్రతిలో తండ్రి పన నొకదానిని విప్పి, మొలకెత్తిన వెన్నును అరచేతిలో పెట్టుకొని, మాటాడక గట్టుపై కూర్చుండును. పరీక్ష రుసుము అడుగుటకై ఇంటి నుండి వచ్చిన కూతురు ఆ అరచేతిని చూచి, తెచ్చిన కాగితమును మడిచి పుస్తకములో పెట్టుకొని, ‘అన్నము చల్లారిపోవుచున్నది, రా నాన్నా’ అనును. పుటన్నర మాటలు చేయలేని పనిని ఒక్క మడత చేసినది. ఈ మార్పునకు కారణము బహుమతి కాదు. ఒక తోటివాని ప్రశ్న.

మన ప్రాంతమునకు పేరు తెచ్చిన సినీ రచనయు ఇట్లు నలుగురి నడుమ పండినదే. పింగళి నాగేంద్రరావుగారు బందరులో పెరిగి, జాతీయ కళాశాలలో చదివి, అచ్చటి ఇండియన్ డ్రమెటిక్ కంపెనీకి నాటకములు వ్రాసిరి. 1901లో పుట్టిన వారు ‘పాతాళభైరవి’ నాటికి ఏబదియేండ్లకు చేరువైరి. అంతకుముందు గడచిన ఏండ్లు వృథా పోలేదు. నాటక సమాజమునకు వ్రాయు రచయితకు నటుడు తడబడిన వాక్యము, సభలో దగ్గు వినబడిన ఘట్టము, చప్పట్లు రావలసినచోట రాని మాట ఎప్పటికప్పుడు తెలియుచుండును. రచయితకు అంతకు మించిన బడి లేదు. గుడివాడ సమీపమున పెయ్యేరులో పుట్టి, నాటకరంగము నుండి చిత్రనిర్మాణమునకు పోయిన దుక్కిపాటి మధుసూదనరావుగారు 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ నిర్మించిరి. దానికి మూలము కోడూరి కౌసల్యాదేవిగారి ‘చక్రభ్రమణం’. ఆంధ్రప్రభ నవలల పోటీలో బహుమతి పొందిన నవల అది. పోటీకి వచ్చిన రచన తెరకెక్కుట మన భాషలో ఎరుగని సంగతి కాదు.

అయినను పోటీల లోపమును దాచుట తగదు. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఔత్సాహిక నాటకమునకు ఊపిరి పోసినది. ఆ అడుగుజాడలలో పెక్కు పట్టణములలో పరిషత్తులు వెలసి, నాటికా రచనకు ఒక సంప్రదాయము నేర్పరచినవి. ఈ మేలును ఎవరును కాదనలేరు. కాని సామాన్యముగా పోటీ ముగిసిన రాత్రి జరుగునదేమి? న్యాయనిర్ణేతలు మార్కులు కూడుదురు; షీల్డులు పంచుదురు; ఫోటోలు తీయుదురు. గెలిచినవాడు ఎందుకు గెలిచెనో అతనికి తెలియదు. ఓడినవాడు ఎందుకు ఓడెనో అతనికి అసలే తెలియదు. అంతర్జాలమున జరుగు పోటీలలోను పెక్కింట ఇదే కథ. ప్రతి పంపినవానికి ఫలితముల పట్టిక వచ్చును, అందులో తన పేరుండదు, అంతే. పదునాలుగేండ్ల బాలునికి ఆ మౌనము ‘నీకు వ్రాయుట రాదు’ అని చెప్పినట్లు వినిపించును. వాడు మరల వ్రాయడు. పోటీ చేయు కీడులలో ఇది మొదటిది.

ఓటమి రచన యొక్క విలువకు కొలబద్ద కాదని పిల్లలకు చెప్పవలసినవారు ఉపాధ్యాయులే. క్రీస్తుపూర్వము 5వ శతాబ్దమున ఏథెన్సులో నాటకములు పోటీలకే వ్రాయబడెను. సోఫోక్లిస్ వ్రాసిన ‘ఈడిపస్’ నాటకము నేటికిని ప్రపంచమంతట చదువబడుచున్నది. అది పోటీకి వచ్చిన సంవత్సరము మొదటి బహుమతి ఫిలోక్లిస్ అనువానికి పోయినది. ఆ ఫిలోక్లిస్ నాటకములలో ఒక్కటియు మనకు పూర్తిగ దక్కలేదు. ఈ ఒక్క ముచ్చట తరగతిలో చెప్పినచో ఓడిన పిల్లవాని మొగము తేటపడును.

అయితే ఊరడింపు ఒక్కటే చాలదు, దారి చూపవలెను. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున జార్జి పియర్స్ బేకర్ అను ఆచార్యుడు 20వ శతాబ్దపు ఆరంభమున నాటకరచన బోధించెను. ఆయన నడపిన ‘47 వర్క్‌షాప్’లో విద్యార్థుల నాటకములను ప్రదర్శించి, చూడవచ్చినవారు తప్పక తమ విమర్శను వ్రాసి ఈయవలెనని నియమము పెట్టెను. చూచి చప్పట్లు కొట్టి పోవుటకు వీలులేదు. ఆ విమర్శ విద్యార్థికి చేరెడిది. తరువాత 1936లో నోబెల్ బహుమతి పొందిన యూజీన్ ఓనీల్ 1914-15లో బేకరుగారి తరగతిలో కూర్చున్నవాడే. ప్రేక్షకునికి పని పెట్టుటలోనే ఆ పద్ధతి యొక్క మర్మమున్నది.

ఈ మర్మమును గ్రహించి మన మూడు ప్రాంతముల విద్యాలయములు ఒక చిన్న పోటీని నడపుకొనవచ్చునని మా సూచన. దీనికి ధనము అక్కరలేదు, వేదిక అక్కరలేదు, ముఖ్య అతిథి అంతకన్న అక్కరలేదు. నెలకొక విషయము ఈయవలెను. రేవులో పడవకై వేచియున్న ఇరువురు, పెడనలో అద్దకపు పని చేయువాని ఇల్లు, గిలకలదిండిలో వేటకు పోని నాడు, గుడివాడ రైల్వే స్టేషనులో తప్పిపోయిన సంచి: ఇట్టివి చాలును. వారము గడువు, ఎనిమిది పుటలు మించరాదు. ప్రతిపై పేరుండక సంఖ్య మాత్రమే ఉండవలెను. బందరు ప్రతులు గుడివాడకు, గుడివాడ ప్రతులు అవనిగడ్డకు, అవనిగడ్డ ప్రతులు బందరుకు పోవలెను. నేటి సాధనములతో ఇది నిమిషముల పని. ఎరుగని ఊరివారు చదువునపుడు మొగమాటముండదు, పాత పగయు ఉండదు.

పోటీలో పాల్గొను ప్రతి విద్యార్థియు ఇతరుల ప్రతులు మూడు చదివి, ఒక్కొక్కదానికి అర పుట అభిప్రాయము వ్రాయవలెను. ‘బాగున్నది’, ‘బాగులేదు’ అను రెండు మాటలును నిషేధింపవలెను. అవధానములో నిషిద్ధాక్షరి వంటిదే ఇది. మూడు ప్రశ్నలకు మాత్రమే సమాధానము కావలెను. నా కంటికి స్పష్టముగ కనబడిన దృశ్యమేది? నేను ఆగిపోయిన చోటేది? ఏ పాత్రకు ఏమి కావలెనో నాకు తెలిసినదా? ఈ అభిప్రాయములు అందిన పిమ్మట పది దినములలో రెండవ ప్రతి వ్రాయవలెను. నూటికి మార్కులలో మొదటి ప్రతికి 30, ఇతరుల ప్రతులపై వ్రాసిన అభిప్రాయములకు 30, తిరిగి వ్రాసిన ప్రతికి 40 ఇచ్చినచో, పోటీ యొక్క గుణమే మారిపోవును. మొదటి వారము గెలిచినవాడు నిద్రపోవుటకు వీలుండదు. ఓడినవాడు లేచుటకు అవకాశముండును. ఇతరుల రచనలో లోపము పట్టుట నేర్చినవానికి తన రచనలో లోపము కనబడక మానదు. తుదకు ప్రతులను తరగతిలో గడియారము పెట్టుకొని బిగ్గరగా చదివింపవలెను. నోట తిరుగని వాక్యము అప్పుడు దానంతటదే బయటపడును.

దీనిపై రాగల ఆక్షేపణలను మేమెరుగుదుము. ఉపాధ్యాయులకు ఇప్పటికే పని ఎక్కువైనదని అందురు. నిజమే. కాని ఈ పద్ధతిలో ప్రతులు దిద్దు భారము చాలవరకు విద్యార్థులదే. ఉపాధ్యాయుడు వారి అభిప్రాయములలో దురుసుతనము లేకుండ చూచినచో చాలును. పోటీకై వ్రాయువారు న్యాయనిర్ణేతల అభిరుచికే వ్రాయుట మరుగుదురని మరికొందరు అందురు. కన్నీటితో ముగించినచో బహుమతి వచ్చునను నమ్మకము మన నాటికలలో పాతుకొనిపోయిన మాటయు నిజమే. దానికి మందు చదువరులను మార్చుచుండుటయే. నెలనెల క్రొత్తవారు చదువుచున్నపుడు ఎవరి రుచికని వ్రాయగలరు? ఇక మూడవ ఆక్షేపణ నేటి కాలముది. యంత్రమును అడిగినచో క్షణములో ఎనిమిది పుటలు వ్రాసి ఇచ్చుచున్నది గదా, పిల్లలు దానినే పంపినచో ఏమి చేయుదుమని. పంపవచ్చును. కాని ‘ఈ పాత్ర తలుపు దగ్గర ఎందుకు ఆగినది?’ అని ముగ్గురు తోటివారు అడిగినపుడు తాను వ్రాయని దానికి సమాధానము చెప్పుట కష్టము. తిరిగి వ్రాయుటకు పెద్దపీట వేసిన పోటీలో దొంగప్రతి ఎక్కువ దూరము పోలేదు.

తిరిగి వ్రాయుట అవమానమని భావించు పిల్లలను ఒకనాడు పెడనకు తీసికొనిపోయి చూపవలెను. అచ్చట కలంకారీ వస్త్రము ఒక్క అద్దకముతో సిద్ధము కాదు. గుడ్డను ఉతికి, కరక్కాయ రసములో ముంచి, ఎండబెట్టి, అచ్చులద్ది, పారునీటిలో జాడించి, రంగునీట ఉడికించి, మరల అద్ది, మరల జాడించిన పిమ్మటగాని రంగు నిలువదు. మొదటి అద్దకమును చూచి ఇదేమి గుడ్డయని నవ్వువాడు ఆ పని ఎరుగనివాడు. మొదటి ప్రతిని చూచి నవ్వువాడును అట్టివాడే.

ఇదియంతయు ఎందుకని అడుగవచ్చును. అందరును సినీరచయితలు కానక్కరలేదు, కారు కూడ. కాని ఒక మాట మరువరాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచివేసినది. వేల ప్రాణములు పోయినవి. ఆనాటి రాత్రిని కంటితో చూచినవారు నేడు ముసలివారైరి. చూచినవారు మాటాడుచుండగనే వారి మనుమలు, మనుమరాండ్రు ఆ కథలను విని, వ్రాసి, తెరకెక్కించుకొనవలెను. వారు వ్రాయనిచో ఎరుగనివారు వ్రాయుదురు; నీటి రంగు తప్పుగ వ్రాయుదురు, మాట యాస తప్పుగ వ్రాయుదురు, బ్రతికినవారి మౌనమును కన్నీటి ఉపన్యాసముగ మార్చివేయుదురు. ఒక ప్రాంతము తన కథను తాను చెప్పుకొనగలుగుట చిన్న సంగతి కాదు. అంతటి కథను మోయగల చేయి ఒక్కనాటిలో రాదు. పడవ రేవును గూర్చి, తప్పిపోయిన సంచిని గూర్చి ఎనిమిదేసి పుటలు పదిమార్లు వ్రాసి, పదిమార్లు తిట్లు తిని, పదిమార్లు దిద్దుకొన్న చేతికే అది వచ్చును.

కావున ఉపాధ్యాయులకు మా మనవి ఇది. ఈ సంవత్సరము వార్షికోత్సవమునకు షీల్డు కొను సొమ్ముతో కాగితములు కొనుడు. ఓడిన ప్రతిని చెత్తబుట్టలో వేయక, దాని అంచున ఒక ప్రశ్న వ్రాసి పిల్లవాని చేతికి తిరిగి ఇండు. విద్యార్థులకు చెప్పవలసినది ఇంకను చిన్నది. ఫలితముల పట్టికలో మీ పేరు లేనిచో పట్టికను మడిచి పెట్టి, మీ ప్రతిని తీయుడు. దానిని ముగ్గురికి చదివి వినిపింపుడు. వారు ఎచ్చట ప్రక్కచూపులు చూచిరో గుర్తు పెట్టుకొని, అచ్చటి నుండి రెండవ ప్రతి మొదలు పెట్టుడు.